నిండిన యేడు, నడచుచున్న యేడు: శతాబ్దారంభ విచారము

క్రీస్తు శకము 2000 సంవత్సరము జనవరి 1వ తేదీన లోకము నూతన సహస్రాబ్దికి స్వాగతము పలికినది. మహానగరములు దీపాలంకారములతో వెలిగినవి. ఖగోళశాస్త్రజ్ఞులు మాత్రము ఆ సంబరమునకు ముందును, పిదపను ఒకే మాట చెప్పుచుండిరి. రెండవ సహస్రాబ్దికి ఇంకను ఒక యేడు మిగిలియున్నదనియు, మూడవది 2001 జనవరి 1న గాని ప్రారంభము కాదనియు వారి వాదము. వారి లెక్క తప్పని నిరూపించినవారు లేరు. వారి మాట విని పండుగను వాయిదా వేసికొన్నవారును దాదాపుగా లేరు.

ఈ వివాదమును వినోదముగా జూచి విడిచిపుచ్చవచ్చును. కాని తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు ఇది కేవలము వినోదము కాదు. మన సంఘములలో స్వర్ణోత్సవమో వజ్రోత్సవమో తలపెట్టినప్పుడెల్ల ఈ ప్రశ్నయే వేరొక వేషమున ఎదురగును. ఏబది యేండ్లు నిండిన పిమ్మట ఉత్సవము చేయవలెనా, ఏబదవ యేడు ప్రవేశించినప్పుడే చేయవలెనా? అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. మన పాత పెట్టెలలో జాతకపత్రములు, క్రయపత్రములు, దానపత్రములు, తాటాకు గ్రంథముల చివర లేఖకులు వ్రాసికొన్న తిథివారములు ఉన్నవి. ఒకదానిలో శకవర్షము, ఒకదానిలో సంవత్సరనామము, ఇంకొకదానిలో ఫసలీ కనబడును. మన పూర్వులు ఈ నేలలకు ఎప్పుడు వచ్చిరో తెలుపు ఆధారములు చాల యిండ్లలో ఇవి మాత్రమే. లెక్కించిన పద్ధతి తెలియనిచో ఒక యేడు అటో యిటో జారిపోవును. కనుక ఈ విషయమును మొదటినుండి పరిశీలింతము.

క్రీస్తు శకమును ఏర్పరచినవాడు డయొనీషియసు అను క్రైస్తవ సన్న్యాసి. 525వ సంవత్సరమున రోము నగరములో ఈస్టరు పండుగ తేదీల పట్టికను కూర్చుచు, క్రీస్తు జననమునుండి యేండ్లను లెక్కించు పద్ధతిని అతడు వాడెను. ఎనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులోని బీడు అను పండితుడు తన గ్రంథములలో దానిని వాడుటచే అది వ్యాప్తి గాంచెను. ఈ శకమున మొదటి యేడు 1. దానికి ముందటిది క్రీస్తు పూర్వము 1. నడుమ సున్న లేదు. మనము పూజ్యమని గౌరవముగా పిలుచు ఆ సంఖ్య అప్పటికి ఆ దేశముల లెక్కలలో చేరలేదు. ఒకటితో మొదలైన లెక్కలో నూరు యేండ్లు నిండవలెనన్న, నూరవ యేడు సంపూర్ణముగా గడవవలెను. కావున రెండవ శతాబ్దము 101తోను, ఇరువదవ శతాబ్దము 1901తోను, మూడవ సహస్రాబ్ది 2001తోను ఆరంభమగును. 1740లో ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు కస్సీని తన పట్టికలలో సున్న సంవత్సరమును చేర్చెను. నేటికిని ఖగోళ గణితమున ఆ పద్ధతి కలదు. లౌకిక వ్యవహారములోనికి అది రాలేదు.

1900లోను ఇదే కలహము జరిగినది. జర్మనీలో రెండవ విల్ హెల్ము చక్రవర్తి ప్రభుత్వము ఇరువదవ శతాబ్దము 1900 జనవరి 1నే ప్రారంభమైనదని నిర్ణయించి ఉత్సవములు జరిపించెను. తక్కిన దేశములు పెక్కు 1901 జనవరి 1ని పాటించెను. ఆస్ట్రేలియా సంయుక్త రాజ్యము ఆ దినముననే అవతరించినది. చక్రవర్తి ఆజ్ఞచే గణితము మారదు గదా! అయినను వంద సంవత్సరముల తరువాత లోకమంతయు ఆ చక్రవర్తి మార్గమునే త్రొక్కినది. ఇందుకు కారణము అజ్ఞానమొక్కటే యని మేము తలంపము. అంకెలన్నియు ఒక్కసారిగా మారి మూడు సున్నలు వచ్చుట కంటికి కనబడు సంగతి. పూర్తియగుట యనునది మనస్సుచే మాత్రమే గ్రహింపదగినది.

ఇక మన వైపు చూతము. తెలుగు తల్లి తన బిడ్డ వయస్సును చెప్పునప్పుడు రెండు మాటలు వాడును: “మూడు నిండినవి, నాలుగవ యేడు నడచుచున్నది.” నిండుట వేరు, నడచుట వేరు. ఈ భేదము మన నిత్యవ్యవహారమునందే యున్నది. షష్టిపూర్తిని గమనింపుడు. పేరులోనే పూర్తి యున్నది. అరువది యేండ్లు నిండి, పుట్టిన సంవత్సరము పేరే మరల వచ్చినప్పుడు ఆ మాసమున, ఆ తిథినాడు శాంతి జరుపుదురు. అనగా అది అరువదియొకటవ యేటి మొదటి దినము. అరువదవ యేడు ప్రవేశించినంతనే షష్టిపూర్తి చేయువారు మన యిండ్లలో లేరు. దీనికి భిన్నముగా ఉపనయనమునకు గర్భాష్టమమును చెప్పుదురు. అచట లెక్క జననమునుండి గాక గర్భమునుండి మొదలగును. ఎనిమిదవ యేడు నడచుచుండగనే వటువునకు వడుగు చేయుదురు. ఒకే యింటిలో, ఒకే పురోహితుడు, రెండు శుభకార్యములకు రెండు లెక్కలు వాడుచున్నాడు. ఎవరికిని తికమక లేదు. ఏలయన దేనికి ఏ లెక్కయో ముందే తెలియును.

మన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఈ భేదమునకు గతము, వర్తమానము అను పేర్లు పెట్టిరి. గ్రహగణితము చేయువానికి కావలసినది గడచిన కాలము. ఎన్ని యేండ్లు సంపూర్ణముగా గడచినవో తెలిసిన గాని దినసంఖ్య తేలదు. అందుచే వారు గతాబ్దములనే గ్రహించిరి. ఆర్యభటుడు తన కాలమును చెప్పిన తీరు ఇందుకు చక్కని నిదర్శనము. అరువదిని అరువదిచే గుణించినన్ని యేండ్లు, అనగా 3600 యేండ్లు, కలియుగమున గడచునప్పటికి తనకు ఇరువదిమూడేండ్లు నిండినవని అతడు వ్రాసికొనెను. అది క్రీ.శ. 499. దానినిబట్టియే అతని జననము 476 అని తేలినది. అతడు గుండు సంఖ్యను ఎన్నుకొన్నాడు గాని, అది గడచిన సంఖ్య యని స్పష్టముగా చెప్పినాడు. అట్లు చెప్పకున్న అతని జననకాలముపై నేటికిని వాదములు జరుగుచుండెడివి.

శాసనములకు వచ్చితిమేని, శతాబ్ద విషయమున మనకు లభించిన అమూల్యమైన సాక్ష్యము కర్ణాటకములోని బాదామి కొండపై నున్నది. అచటి మూడవ గుహ విష్ణ్వాలయము. చాళుక్య కీర్తివర్మ పండ్రెండవ రాజ్యవర్షమున ఆతని తమ్ముడు మంగళేశుడు ఆ గుహాలయమును పూర్తి చేయించి, కార్తిక పూర్ణిమనాడు దానశాసనమును చెక్కించెను. కాలము చెప్పుచు ఆ శాసనము, శకరాజు పట్టాభిషేకమునుండి ఐదు నూర్ల యేండ్లు అతిక్రమించిన పిమ్మట అని పలుకుచున్నది. అది క్రీ.శ. 578. ఐదు నూర్లు! దక్షిణాపథమున ఒక శకమునందలి శతాబ్ది సంధి రాతిపై ఇంత నిక్కచ్చిగా నమోదైనది అరుదు. ఇచట చిత్రమేమన, శకము 500 అను అంకె గల యేడే ఆరవ నూరు యొక్క మొదటి యేడు. ఐదు నూర్లు గడచిపోయినవి గనుక, ఆ గడచిన సంఖ్యయే యేటికి గుర్తు. మంగళేశుని ఆస్థానమున శతాబ్దారంభము 500లోనా, 501లోనా అను ప్రశ్నకు తావే లేదు. గతించినవని వారు చెప్పిరి. అంతటితో సమస్య తీరినది.

అదే కర్ణాటకములో ఐహొళె మేగుటి జినాలయమున రవికీర్తి రచించిన రెండవ పులకేశి ప్రశస్తి యున్నది. అందు భారతయుద్ధమునుండి 3735 యేండ్లును, శకరాజుల కాలమున 556 యేండ్లును చెప్పబడినవి. రెండింటి భేదము 3179. కలియుగమున 3179 యేండ్లు గడచినప్పుడు శకగణనము మొదలైనదని నేటి పంచాంగకర్తలును చెప్పుచున్నారు. పదునాలుగు శతాబ్దముల నాటి రాతికిని, ఉగాదినాడు మనము కొనుక్కొను పంచాంగమునకును లెక్క సరిపోవుచున్నది. ఈ సంగతి తలచినప్పుడెల్ల మాకు సంతోషము కలుగును.

అయితే జనవ్యవహారమున గతసంఖ్య గతసంఖ్యగా నిలువలేదు. పంచాంగములో 1900 అని వ్రాసిన, చదువువాడు అది నడచుచున్న యేటి పేరే యనుకొనును. ఈ జారుపాటునకు హంపీ విరూపాక్షాలయములోని శ్రీకృష్ణదేవరాయల శాసనము ప్రసిద్ధమైన ఉదాహరణము. రాయల పట్టాభిషేక సందర్భమున వేయించిన ఆ శాసనమున, శాలివాహన శకవర్షము 1430 గడచిన మీదట నడచుచున్న శుక్ల సంవత్సర మాఘ శుద్ధ చతుర్దశి యని యున్నది. గతగణనము ప్రకారము 1430 అనునది 1508-09. ఆ యేటి పేరు విభవ. శుక్ల దాని తరువాతి యేడు. అనగా శాసనలేఖకుడు, మొదటనే గడచిన యేండ్లను తెలుపుచున్న 1430ని నడచిన యేటి పేరుగా భావించి, అది కూడ గడచినదని వ్రాసెను. గతించినది మరియొకసారి గతించినది! సంవత్సరనామమును ప్రమాణముగా గొని పలువురు చరిత్రకారులు ఆ శాసన కాలమును 1510 జనవరిగా గ్రహించిరి. శుక్ల యను ఒక్క మాట లేకున్న మహారాజు పట్టాభిషేక కాలమునే ఒక యేడు ముందునకు జరిపియుందుము.

ప్రభవాది షష్టిసంవత్సరముల ఉపయోగము ఇచట తెలియుచున్నది. సంఖ్యకు గతమో వర్తమానమో యను సందేహము కలదు. పేరునకు ఆ సందేహము లేదు. నడచుచున్న యేటికే పేరు పెట్టుదురు. మన పూర్వులు అంకెను, పేరును జంటగా వ్రాయుట ఆడంబరమునకు గాదు. ఒకటి తప్పిన రెండవది పట్టియిచ్చును. నర్మదకు ఉత్తరమున ఈ పేర్లు వేరు క్రమమున నడచును గాని, మన దక్షిణదేశమున తెలుగు, కన్నడ, తమిళ, మహారాష్ట్ర ప్రాంతములన్నిటను పేరు ఒక్కటే. నిజము చెప్పవలెనన్న శతాబ్ది యనునది మన సంప్రదాయమున పెద్ద ప్రమాణమే కాదు. మనకు చక్రము తిరుగునది అరువదికి. 1867, 1927, 1987 సంవత్సరములలో ప్రభవ వచ్చినది. 2047లో మరల వచ్చును.

శకము 1900 అను అంకె 1978 ఉగాదినాడు వచ్చినది. అది కాళయుక్తి సంవత్సరము. గతగణనము ప్రకారము ఆ దినముననే శాలివాహన శకమున ఇరువదవ శతాబ్దము మొదలైనది. మేఘనాద సాహా అధ్యక్షతన 1952లో నియమింపబడిన పంచాంగ సంస్కరణ సంఘపు సిఫారసుల మేరకు భారత ప్రభుత్వము 1957 మార్చి 22న, శకము 1879 చైత్రము 1వ తేదీగా, రాష్ట్రీయ పంచాంగమును ప్రవేశపెట్టియుండెను. అయినను 1978లో శతాబ్ద్యుత్సవము చేసినవారిని గూర్చి మేము వినలేదు. కలి 5000 మాత్రము అంత మౌనముగా గడవలేదు. కలియుగమున ఐదువేల యేండ్లు నిండినప్పుడు గంగామాహాత్మ్యము తొలగునని లోకమున నమ్మకముండెను. అవి నిండినది 1899లో, వికారి నామ సంవత్సరారంభమున. ఇచట ఒక చిన్న లెక్క చూడుడు. కలి ప్రవేశము క్రీ.పూ. 3102 ఫిబ్రవరి. 3102ను 1899ని కూడిన 5001 వచ్చును గాని 5000 రాదు. ఆ అదనపు ఒకటి డయొనీషియసు విడిచిన సున్న యేడు. క్రీస్తు పూర్వమునుండి ఇటు దాటు ప్రతి లెక్కలోను ఒకటి తీసివేయక తప్పదు.

మన కుటుంబములు నివసించు రాష్ట్రములలో ఇరుగుపొరుగు లెక్కలును తెలిసికొనదగినవి. కర్ణాటక మహారాష్ట్రములలో మన ఉగాదియే వారికిని సంవత్సరాది. మధుర తంజావూరు నాయకరాజుల కాలమునుండి తమిళదేశమున నున్న మనవారి సంగతి వేరు. తమిళులకు సంవత్సరము మేషసంక్రమణముతో మారును. మనకు చైత్ర శుద్ధ పాడ్యమితో మారును. 2000లో ఏప్రిల్ 5న మన యిండ్లలో విక్రమ ప్రవేశించినది. పొరుగింట మరి కొన్ని దినములు ప్రమాథియే నడచినది. ఆ నడుమ వ్రాసిన పత్రముపై సంవత్సరనామమును జూచి, వ్రాసినవాడు ఏ లెక్క పాటించెనో గ్రహింపవలెను. తిరునెల్వేలి వైపున కొల్లము శకము కూడ వ్యవహారమున నుండెను. అది 825లో మొదలైనది. అందలి అంకె నడచుచున్న యేటిది. కావున 2024 ఆగస్టులో వచ్చిన 1200వ యేడు పండ్రెండవ శతాబ్దపు చివరి యేడే గాని పదుమూడవదాని మొదటిది కాదు. శకమునకును దీనికిని ఇదియే భేదము.

తమిళనాట భూముల లెక్కలలో కనబడు ఫసలీకి అసలు మొదటి శతాబ్దమే లేదు. దక్కనులో షాజహాను కాలమున, 1636లో, అప్పటి హిజ్రీ సంఖ్యయైన 1046నే తీసికొని, అటుపై సౌరమానమున యేండ్లు పెంచుచు పోయిరి. ఆ శకము వేయిన్ని నలువదియారేండ్ల వయస్సుతో పుట్టినది! ఫసలీకి 590 కలిపిన ఆ యేడు మొదలైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. మదరాసు రాజధానిలో స్థిరపడిన పద్ధతి ప్రకారము అది జూలై 1న మొదలగును.

ఒరిస్సాలోని అంకములు ఇంకను వింత. గజపతుల రాజ్యవర్షము భాద్రపద శుద్ధ ద్వాదశినాడు మారును. రాజు సింహాసనమెక్కిన మొదటి యేడే రెండవ అంకము; ఒకటి లేదు. ఆరుతో ముగియు అంకెలను, పది తప్ప సున్నతో ముగియు అంకెలను దాటివేయుదురు. అవి అశుభములని చెప్పుదురు. కనుక ఏబదిరెండవ అంకమనిన, పది అంకెలు తీసివేయగా, నలువదిరెండవ యేడు మాత్రమే. శ్రీకూర్మము, సింహాచలము శాసనములలో ఈ అంకములు కలవు. గంజాము పర్లాకిమిడి ప్రాంతములలోని మనవారు తమ కుటుంబపత్రములలో అంకము కనబడిన యెడల దానిని యథాతథముగా కూడరాదు. అట్లు కూడిన రాజులు బ్రతికినదానికంటె ఎక్కువ కాలము పాలించినట్లు తేలును.

మహారాష్ట్రమున శివాజీ మహారాజు 1674లో, ఆనంద నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ త్రయోదశినాడు, పట్టాభిషిక్తుడై రాజ్యాభిషేక శకమును స్థాపించెను. దానిలో అంకె నడచుచున్న యేటిదే. 2023 జూన్ నెలలో రాయగడమున 350వ పట్టాభిషేక వర్షోత్సవము మొదలైనప్పుడు, 1674ను 2023 నుండి తీసివేసి 349 అని ఆక్షేపించినవారికి ఇదియే సమాధానము. 350వ యేడు అప్పుడు ప్రవేశించినది. 2024లో 350 నిండినవి. ఉత్సవము చేసినవారు ప్రవేశమును ఎన్నుకొనిరి.

యానాము వారికి ఈ విచారము స్వానుభవము. 1954 జూన్ 13న అచట ఫ్రెంచి పాలన తొలగినది. నవంబరు 1న ఫ్రెంచి స్థావరములు వాస్తవముగా భారతదేశమునకు అప్పగింపబడినవి. న్యాయసమ్మతమైన అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తియైనది. ఏది నిజమైన ఆరంభము? అచట నవంబరు 1ని విమోచన దినముగాను, ఆగస్టు 16ను న్యాయసమ్మత విలీన దినముగాను పాటించుచున్నారు. మాకు అది వివేకముగనే తోచుచున్నది. ఒకటి నడకకు గుర్తు, ఇంకొకటి నిండుటకు.

ఇక మన పెట్టెలలోని పత్రముల మాట. శకసంఖ్య గతమైనచో, ఉగాదినుండి డిసెంబరు చివరివరకు నున్న తిథులకు 78, జనవరినుండి ఉగాదివరకు నున్నవానికి 79 కలుపవలెను. అట్లు వచ్చిన యేటికి సంవత్సరనామము సరిపోయినదా యని చూడవలెను. ఒక పత్రమున శకము 1789 ప్రభవ యని యున్నచో 1867 వచ్చును. పేరు సరిపోయినది గనుక లేఖకుడు గతసంఖ్య వ్రాసెను. వేరొకదానిలో శకము 1790 ప్రభవ యని యున్నచో, ఆ లేఖకుడు వర్తమాన సంఖ్య వ్రాసినట్లు. అప్పుడును యేడు 1867 అనియే గ్రహింపవలెను. రెంటిలో ఒకటి తప్పని కొట్టివేయరాదు. వారమును కూడ వ్రాసియున్న యెడల అది మూడవ సాక్షి. సంఖ్య లేక పేరు మాత్రమే యున్నచో 1747, 1807, 1867, 1927 అను ప్రభవలలో ఏ చక్రమునకు చెందినదో, పత్రమున పేర్కొనబడిన మనుష్యుల తరమునుబట్టి నిర్ణయింపవలసియుండును. పత్రములను పెద్దలుండగనే చదివించుకొనుట మేలు. తరముల పేర్లు తెలిసినవారు వారే.

2078 ఉగాదినాడు శాలివాహన శకమున రెండువేల యేండ్లు నిండును. క్రీస్తు శకములో వలె 2000కా, 2001కా యని అప్పుడు కలహింపనక్కర లేదు. గతగణనమున ఆ దినముననే మూడవ సహస్రాబ్ది ప్రారంభము. ఆ యేటి పేరు విళంబి. 2018లో మొదలైన విళంబి సంవత్సరమున మన యిండ్లలో పుట్టిన పిల్లలకు ఆ యేడే షష్టిపూర్తి.